గురువారం నాటి ఆవిరి

తౌనో కెల్లోకి తన బావమరిది ఎస్కో అంటే ఒళ్ళుమంట. తౌనో పెళ్ళి చేసుకుని భార్య లెంపితో రైలెక్కిన రోజున, పెళ్ళికూతురి కోసమని అట్టేపెట్టిన కిటికీ పక్క సీట్లో వీడు ముందే చతికిలబడ్డాడు. ఔలు స్టేషన్ వచ్చేదాకా లేవలేదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా, పక్కవాడికి చిక్కు తెచ్చిపెట్టకుండా ఎస్కో చేసిన పని ఒక్కటైనా ఉందా అంటే తౌనోకి గుర్తు రావడం లేదు. అలాంటివాణ్ణి తుపాకీగుండు నుంచి తప్పించే బాధ్యత ఇవాళ తన నెత్తినే పడింది. తప్పించకపోతే ఇంటికెళ్ళి లెంపి మొహం చూడలేడు.

జరిగింది చెప్పుకోవాలంటే పెద్ద కథేం కాదు. మన ఫిన్లాండుకి రష్యాతో యుద్ధం మొదలై మూడో నెల నడుస్తోంది. కెమి పట్నం పక్కన గడ్డకట్టిన సముద్రం మీద విమానాల స్థావరం పెట్టారు. అక్కడ ఎగిరేవాళ్ళు మనవాళ్ళు కారు. స్వీడన్ నుంచి, డెన్మార్క్ నుంచి, ఒకడైతే ఏకంగా కెనడా నుంచి, తమది కాని యుద్ధంలో మన తరపున పోరాడతామని సొంత ఇష్టంతో వచ్చిన పైలట్లు. వాళ్ళలో ఓవే అనే డెన్మార్క్ కుర్రాడు ఇవాళ శుక్రవారం పొద్దున్నే విమానం లేపాడు. దీవులు దాటకముందే ఇంజిన్ బిగుసుకుపోయింది. విమానం మంచులో ముక్కు దిగేసుకుని పడింది. ఓవే బతకలేదు. ఇంజిన్ విప్పి చూస్తే నూనెగొట్టానికి మంచుగడ్డ అడ్డంపడి ఉంది. నూనెలో నీళ్ళు కలిశాయన్నమాట. ఆ నూనె కాచినవాడు, మోసుకొచ్చినవాడు, పోసినవాడు ఎస్కో.

వీడు సైనికుడు కాదు, రంపపు మిల్లు నుంచి కూలికి తెచ్చుకున్న మెకానిక్. అందుకని చట్టం ప్రకారం ముందు విచారించాల్సింది పట్నం పోలీసు అధికారి. అంటే తౌనో. సైనిక నిఘా శాఖ కెప్టెన్ హోల్మాకి ఆ చట్టం సుతరామూ నచ్చలేదు.

ఎస్కోని వలలు దాచుకునే కొట్టంలో పెట్టారు. తౌనో వెళ్ళేసరికి వాడు వలల కుప్ప మీద కాళ్ళు చాపుకుని, ముక్కు చీదుకుంటూ కూర్చున్నాడు.

"బావా, తినడానికేమన్నా తెచ్చావా?" అన్నాడు.

తౌనో పళ్ళు కొరుక్కున్నాడు. అడగాల్సినవి వరసగా అడిగాడు. నూనె డబ్బాలు ఎవరి చేతిలో ఉన్నాయి? నా చేతిలోనే. నూనె దాచే సౌనా తాళంచెవి? నా దగ్గరే. గురువారం సాయంత్రం నుంచి శుక్రవారం పొద్దుటిదాకా అక్కణ్ణుంచి కదిలావా? ఈ ప్రశ్నకి మాత్రం ఎస్కో వలలో ఒక కన్ను పట్టుకుని దారం పీకడం మొదలుపెట్టాడు.

"కదల్లేదనుకో," అన్నాడు చివరికి.

"అనుకోవడమేంట్రా? కదిలావా, లేదా?"

"నువ్వు అడక్కుండా ఉంటేనే మంచిది బావా. నీకూ మంచిది, అక్కకీ మంచిది."

"నిన్ను కాల్చేస్తార్రా వెధవా. నీకర్థమవుతోందా?"

ఎస్కో తల వంచుకున్నాడు. వలలో ఇంకో కన్ను పీకాడు. వీడికి మొండితనం అక్కడెక్కడో అవసరమైన చోట ఉంటే బాగుండేది, ఇక్కడెందుకొచ్చిందో తౌనోకి అర్థం కాలేదు.

అప్పుడే తలుపు తోసుకుని కెప్టెన్ హోల్మా వచ్చాడు. వయసులో తౌనో కంటే పదేళ్ళు చిన్న. రాజధాని నుంచి దిగాడు. ఒక తోలుసంచి ఎప్పుడూ చంకలోనే ఉంటుంది, భోజనాల బల్ల దగ్గర కూడా ఒళ్ళోంచి దించడు. ఉత్తరాన ఉన్న మన విమాన స్థావరాలన్నిటి మ్యాపులూ అందులో ఉన్నాయని స్థావరంలో అందరికీ తెలుసు. అంత రహస్యంగా మోసేవాడికి ఆ మాత్రం పేరు రాకుండా ఎలా ఉంటుంది.

"కుటుంబ పరామర్శ అయిందా తౌనో గారూ?" అన్నాడు.

"విచారణ జరుగుతోంది."

"దేనికండీ విచారణ? కెమి మిల్లు కూలీల్లో సగంమంది ఎర్రజెండా వాళ్ళు. ఇతను ఆ మిల్లువాడు. నూనె ఇతని చేతిలో ఉంది. నీళ్ళు నూనెలో ఉన్నాయి. నాకైతే లెక్క సరిపోయింది."

"మిల్లు కూలీలు మీరొచ్చి చెప్పకముందే తుపాకులు పట్టుకుని సరిహద్దుకెళ్ళారు. వాళ్ళ శవాలు రైల్లో దించుకుంటున్నది నేను."

హోల్మా చేతి తొడుగు సర్దుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి ముద్దాయిని ఔలులోని సైనిక కోర్టుకి తీసుకెళ్తున్నానని, ఆ లోపు తౌనో ఏం చేసుకుంటాడో చేసుకోవచ్చని, రోడ్డంతా మంచు కప్పేసింది కాబట్టి టపా విమానంలోనే వెళ్తామని చెప్పి పోయాడు. సైనిక కోర్టుకి వెళ్ళినవాళ్ళు రెండో రోజు ఉదయం చూడడం అరుదు. ఆ సంగతి కొట్టంలో ఉన్న ఇద్దరికీ తెలుసు.

*

ఈ చలికి ఇంజిన్‌లో నూనె వదిలేస్తే తెల్లారేసరికి బంకమట్టి అవుతుంది. అందుకని విమానం దిగగానే వేడి నూనెను డబ్బాల్లోకి వంచేసి, ఒడ్డున ఉన్న జాలర్ల సౌనాలో, అంటే ఆవిరిస్నానాల గదిలో, పెడతారు. ఎగరబోయే ముందు మళ్ళీ తెచ్చి పోస్తారు. వారమంతా ఆ సౌనా నూనెదే. శనివారం మాత్రం డబ్బాలు వంటపాకలోకి పోయి మనుషులు లోపలికి వస్తారు. శనివారం స్నానం మానమని మనవాళ్ళకు చెప్పే ధైర్యం రష్యా సైన్యానికి కూడా లేదు. మిగతా రోజుల్లో పొయ్యి మీది రాళ్ళ మీద చుక్క నీరు పోయకూడదని తలుపుకి అట్ట కొట్టి మరీ రాశారు.

తౌనో ముందు బట్టలు విప్పుకునే చలిగదిలోకి వెళ్ళాడు. నీళ్ళ చెక్కతొట్టి బోర్లించి ఉంది. తిరగేస్తే లోపల గోడలకి మంచు అంటుకుని ఉంది. శనివారం స్నానాలయ్యాక ఆదివారం ఆడవాళ్ళు దీన్ని తుడిచి, ఆరబెట్టి బోర్లించి వెళ్తారు. అంటే ఆ తర్వాత ఎవరో దీంట్లో నీళ్ళు పట్టారు.

వేడిగదిలోకి వెళ్ళాడు. చలికీ వేడికీ మధ్య కళ్ళద్దాలు మసకబారి, తుడుచుకుంటూ తిట్టుకున్నాడు. ఓవే పడ్డాక ఇంకే విమానమూ లేవలేదు, వాటి డబ్బాలు కింది మెట్టు మీద వరుసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో విమానం నంబరు. ఆదివారం తుడిచి వెళ్ళిన పై మెట్టు మీద చెక్కల సందులో బర్చ్ చెట్టు ఆకులు నాలుగు అతుక్కుని ఉన్నాయి. ఒళ్ళు కొట్టుకునే కొమ్మలకట్ట నుంచి రాలినవి. నూనె డబ్బాలు ఒళ్ళు కొట్టుకోవు కదా. ఎవరో ఇక్కడ నిక్షేపంగా స్నానం చేశారు.

అయితే ఆవిరి నూనెలోకి దూరిందా? ఈ ఆలోచనకి తౌనో ప్రాణం కాస్త లేచొచ్చింది. ఆవిరి అయితే పొరపాటు. పొరపాటుకి జైలే గానీ గుండు ఉండదు. మెకానిక్కుల దగ్గర గాజుగొట్టం ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. గొట్టాన్ని డబ్బా అడుగుదాకా దించి, పై కొన బొటనవేలితో మూసి తీస్తే అడుగున ఏముందో అది వస్తుంది. పాలల్లో నీళ్ళు కలిసిపోతాయి, నూనెలో నీళ్ళు అడుక్కి చేరతాయి. ఒక్కో డబ్బా మూత తీసి చూశాడు. అన్నిట్లోనూ శుభ్రమైన నూనే వచ్చింది. చుక్క నీరు లేదు.

తౌనో మెట్టు మీద కూలబడ్డాడు. ఆవిరికి పక్షపాతం ఉండదు. అన్ని డబ్బాలనీ వదిలేసి ఓవే డబ్బాలోకి మాత్రమే దూరదు. ఎవరో ఆ ఒక్క మూతే తీసి గరిటెడు నీళ్ళు పోశారు. పొరపాటు కాదు, హత్య. బావమరిదిని రక్షిద్దామని వచ్చి వాడి మెడకి ఉరి ఇంకాస్త బిగించినట్టయింది.

బయటికొస్తూ చలిగదిలో బల్ల వెనక ఏదో కాలికి తగిలింది. ఉన్ని టోపీ. తలకి అంటిపెట్టుకునేలా ఉంది, ఎవరో చేత్తో అల్లింది. తడిసి గడ్డకట్టి చెక్కలా బిర్రబిగుసుకుపోయింది. ఎవడో మతిమరుపు వెధవ పారేసుకున్నాడని కోటు జేబులోకి తోసేశాడు.

*

"గురువారం సౌనాలో ఎవణ్ణి స్నానం చేయనిచ్చావ్?" అన్నాడు కొట్టంలోకి తిరిగి వెళ్ళి.

ఎస్కో మొహం తెల్లబోయింది. తౌనో వాడి పక్కన వలల మీద కూర్చుని గొంతు తగ్గించి, ఓవే చచ్చిపోయాడని, అది నీళ్ళు పోసినవాడి పని అని, ఆ సౌనాలోకి వెళ్ళినవాళ్ళు ఇద్దరే అయితే రెండోవాడి పేరు చెప్పకపోతే మిగిలేది మొదటివాడేనని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"కెనడా ఆయన," అన్నాడు ఎస్కో నేల చూస్తూ. "మెర్సర్. ఒళ్ళు నొప్పులన్నాడు. సైగలు చేశాడు. ఒక్క గంట అన్నాడు. మూతలు నేనే బిగించి బయటికొచ్చా బావా. నిజం. ఆయన లోపలున్నంతసేపూ నేను వంటపాకలో కూర్చున్నా."

"ఊరికే ఒప్పుకున్నావా?"

ఎస్కో ముక్కు చీదుకున్నాడు.

"ఏమిచ్చాడ్రా?"

"కాఫీ."

"ఏం కాఫీ?"

"గింజలు. అసలైనవి. ఒక సంచీడు." ఎస్కో తలెత్తి బావ కళ్ళలోకి చూశాడు. "సాయంత్రమే అక్కకిచ్చొచ్చా. పొద్దున నువ్వు తాగలేదూ?"

తాగాడు. తాగకేం. యుద్ధం వచ్చాక ఊరంతా మాడ్చిన రై ధాన్యపు గింజల కషాయమే కాఫీ అనుకుని గతికే రోజుల్లో, లెంపి పొద్దున్నే ఇల్లంతా ఘుమఘుమలాడేలా కాచి కప్పు ముందు పెట్టింది. ఎక్కడిదని అడగలేదు. అడిగితే మొగుడుగా కాక పోలీసువాడిగా తాగాల్సి వస్తుందని, నోరు మూసుకుని రెండో కప్పు కూడా పోయించుకున్నాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తానైతే పట్టకపోగా చక్కెర వేసుకుని మరీ తాగాడు.

"అందుకే చెప్పొద్దనుకున్నా," అన్నాడు ఎస్కో. "నన్నెలాగూ తీసుకుపోతారు. నీ ఉద్యోగం కూడా పోతే అక్కనెవరు చూస్తారు?"

జీవితంలో మొదటిసారి వీడు పక్కవాడి గురించి ఆలోచించాడు, అదీ చావుకొచ్చే విషయంలో. తౌనోకి వాణ్ణి కొట్టాలో కావలించుకోవాలో తెలియక, జేబులోంచి లెంపి కట్టిచ్చిన రొట్టె తీసి వాడి ఒళ్ళో పడేసి వచ్చేశాడు.

*

మెర్సర్‌కి మన భాష రాదు. అందుకని హిల్యా టీచరమ్మని పిలిపించాడు. ఆవిడ బాలికల బడిలో ఇంగ్లీషూ స్వీడిషూ చెప్పేది, ఇప్పుడు స్థావరంలో వంటా చూస్తోంది, దుభాషి పనీ చేస్తోంది. పొద్దుట్నుంచీ ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఓవే కోసం అల్లుతున్న చేతి తొడుగుల్లో ఒకటే పూర్తయింది. రెండోది ఇంకా సూదుల మీదే ఉంది, దాన్ని ఏం చేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని తిరుగుతోంది.

మెర్సర్ నవ్వుతూ వచ్చాడు. స్నానం సంగతి అడగ్గానే ఒప్పేసుకున్నాడు. తమ ఊరు కెనడాలో సరస్సు ఒడ్డున పోర్ట్ ఆర్థర్ అని, అడవి పనికి వలస వచ్చిన ఫిన్లాండు వాళ్ళు ఆ ఊరి నిండా ఉన్నారని, సౌనా తనకి నేర్పింది వాళ్ళేనని, చిన్నప్పట్నుంచీ ప్రతి శనివారం వాళ్ళ మధ్య పై మెట్టు మీద కూర్చుని పెరిగానని చెప్పాడు. హిల్యా మాట మాటా మార్చి చెబుతోంది.

"అంత తెలిసినవాడికి, నూనె ఉన్నప్పుడు నీళ్ళు పోయకూడదని తెలీదా అని అడుగు టీచరమ్మా."

"తప్పేనంటున్నాడు. ఆ ఆవిరి వల్లే ఓవే పోయాడంటే తనని శిక్షించమంటున్నాడు. పాపం ఆ మెకానిక్‌ని వదిలేయమంటున్నాడు."

"పక్క డబ్బాల్లో చుక్క నీరు లేదు, దీంట్లోనే ఎందుకుందో అడుగు."

మెర్సర్ భుజాలెగరేశాడు. ఆ మూత వదులుగా ఉందేమో, అది మెకానిక్‌నే అడగాలి అన్నాడు. ఇప్పుడే వదిలేయమన్న మెకానిక్ మీదికే మళ్ళీ నెట్టేశాడు, అదీ ఎంతో జాలిపడుతూ. తౌనోకి చిర్రెత్తుకొచ్చింది. కళ్ళద్దాలు తుడుచుకుందామని జేబులో గుడ్డ కోసం వెతికితే టోపీ బయటికొచ్చింది.

మెర్సర్ మొహం వెలిగింది. ఏదో అంటూ చెయ్యి చాపాడు.

"అది ఆయనదేనట. గురువారం అక్కడే మర్చిపోయాడట," అంది హిల్యా.

ఇచ్చేయొచ్చు. కానీ పొద్దుట్నుంచీ ప్రతివాడూ తన చేతిలోంచి ఏదో ఒకటి లాక్కునేవాడే అయ్యేసరికి తౌనోకి విసుగు నెత్తికెక్కింది. విచారణ పూర్తయ్యాక ఇస్తానని చెప్పమన్నాడు. మెర్సర్ నవ్వు ఒక్క క్షణం మొహం మీదే ఆగిపోయింది. తర్వాత తనకి పనుందని లేచి, వచ్చినదానికంటే వడిగా వెళ్ళిపోయాడు.

*

తౌనో చెప్పిందంతా హోల్మా ఓపిగ్గా విన్నాడు. అది ఇంకా చికాకు. విని, తోలుసంచి ఒళ్ళో సర్దుకుని, ఒక్కటే ప్రశ్న వేశాడు.

"మీ బావమరిది లంచం తీసుకుని తాళం తీశాడన్నమాట. ఆ లంచం ఇప్పుడెక్కడుంది?"

తౌనో అబద్ధం చెప్పడం అలవాటున్నవాడు కాదు. ఈసారి అలవాటు చేసుకుంటే బాగుండునని కూడా అనిపించింది.

"సగం మా ఇంట్లో ఉంది. కొంత నా కడుపులో ఉంది."

హోల్మా నవ్వలేదు. "తౌనో గారూ, ఒక పక్క సముద్రాలు దాటొచ్చి మన కోసం ప్రాణాలొడ్డుతున్న పైలట్. ఇంకో పక్క లంచానికి తాళం తీసిన మిల్లు కూలీ. ఆ లంచం తాగిన పోలీసు అధికారి వచ్చి, తప్పు పైలట్‌దంటున్నాడు. మీరే నా కుర్చీలో ఉంటే ఏం చేస్తారు?"

"డబ్బాలన్నీ పరీక్షిస్తాను. మూత తీసినవాడి వేలిముద్రలు చూస్తాను. రెండు రోజులు ఆగుతాను."

"రెండు రోజుల్లో ఇంకో పైలట్ పోతే స్వీడన్ వాళ్ళు తమ విమానాలేసుకుని ఇంటికెళ్ళిపోతారు. ఇప్పటికే సగంమంది ఆ మాట అంటున్నారు. వాళ్ళకి ఇవాళ ఒక దోషి కావాలి."

"దోషి కావాలా, ఎవడో ఒకడు కావాలా?"

"మీరు ఈ కేసులో లేరు," అన్నాడు హోల్మా లేస్తూ. "ఇంటికెళ్ళి మిగిలిన కాఫీ తాగండి."

ఎస్కోని ఇద్దరు సైనికులు కొట్టంలోంచి బయటికి తెచ్చారు. చేతులు ముందుకు కట్టేశారు. టపా విమానం మంచు మీద ఇంజిన్ వేడి చేసుకుంటోంది, హోల్మా సంచి చంకన పెట్టుకుని దానివైపు నడిచాడు. వాడు వెనక్కి తిరిగి బావ కోసం చూశాడు గానీ, తౌనో అప్పటికే కోపంతో కళ్ళు కనపడక వంటపాక వైపు నడుస్తున్నాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు, ఆ క్షణంలో చెయ్యి ఎత్తి ఉంటే బాగుండునని అనుకున్నాడు.

*

వంటపాకలో పొయ్యి పక్కన తౌనో కూర్చుని టోపీని బల్ల మీద విసిరికొట్టాడు. వేడికి మంచు కరిగి, టోపీలోంచి నీళ్ళు కారి బల్ల తడిసింది. హిల్యా గుడ్డ తెచ్చి తుడుస్తూ, ఉన్నిని చేత్తో పిండి చూసింది.

"లోపలా బయటా ఇంత తడిసిందేమిటండీ? మంచులో పడితే పైపైనే తడుస్తుంది. ఇది ఆవిరి పట్టినట్టుంది," అంది. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అంది, "టోపీ పెట్టుకుని ఎవరైనా స్నానం చేస్తారా?"

తౌనో టోపీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ఎవరూ చేయరు. ఫిన్లాండులో పుట్టినవాడెవడూ సౌనాలోకి టోపీ పెట్టుకుని వెళ్ళడు. వెళ్తే పై మెట్టు మీద ఉన్నవాళ్ళు నవ్వి నవ్వి కింద పడతారు. పోర్ట్ ఆర్థర్‌లో మనవాళ్ళ మధ్య పెరిగినవాడైతే చిన్నప్పుడే అలా నవ్వులపాలై, జన్మలో మళ్ళీ పెట్టుకోడు. స్వీడన్ వాళ్ళూ పెట్టుకోరు, డెన్మార్క్ వాళ్ళకి అసలు సౌనాయే తెలీదు.

కానీ పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. తౌనో చిన్నతనంలో నాన్న ఉద్యోగం సరిహద్దు దగ్గర, రష్యా చక్రవర్తి సైనికుల దండు పక్కన. ఆ సైనికుల స్నానాలగది వెనక పిల్లలంతా చేరి సందుల్లోంచి తొంగి చూసేవాళ్ళు. ఒంటి మీద నూలుపోగు లేకుండా, నెత్తి మీద మాత్రం ఉన్ని టోపీలతో వరసగా కూర్చున్న సైనికుల్ని చూసి పడీపడీ నవ్వేవాళ్ళు. వేడికి చెవులు కాలకుండా పెట్టుకుంటార్రా, వాళ్ళ అలవాటది అని నాన్న చెప్పాడు. మెర్సర్ ఊరు మార్చుకున్నాడు, పేరు మార్చుకున్నాడు, భాష మార్చుకున్నాడు. ఆవిరి వేడి తగిలేసరికి చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయింది.

"టీచరమ్మా, ఓవేకీ మెర్సర్‌కీ ఏమైనా గొడవుందా?"

"గొడవేం లేదండీ. ఓవే అతన్ని 'మా ఊరోడా' అని పిలిచేవాడు. ఓవే ధాన్యం ఓడల్లో పనిచేస్తూ రెండు వేసవులు ఆ పోర్ట్ ఆర్థర్‌లోనే ఉన్నాడట. భోజనాల దగ్గర ఎప్పుడూ ఆ ఊరి సంగతులే అడిగేవాడు. ఫలానా వంతెన ఉందా, ఫలానా రొట్టెల కొట్టు ఉందా అని." ఆవిడ చేతిలోని గుడ్డ ఆగిపోయింది. "బుధవారం రాత్రి మాత్రం ఓవే నవ్వకుండా, అసలు నువ్వా ఊళ్ళో ఎప్పుడైనా ఉన్నావా అని అడిగాడు. మెర్సర్ జవాబు చెప్పకుండా లేచెళ్ళిపోయాడు."

బుధవారం ప్రశ్న. గురువారం స్నానం. శుక్రవారం శవం. తౌనో టోపీ పట్టుకుని లేచాడు.

"మెర్సర్ ఇప్పుడెక్కడున్నాడు?"

"టపా విమానం తీసుకెళ్తున్నాడు కదండీ. స్వీడన్ పైలట్లు సగం గస్తీలో, సగం కాపలాలో ఉన్నారు, టపా పైలట్‌కి జ్వరం. నేను ఖాళీగానే ఉన్నా, నేను తీసుకెళ్తానని అతనే వెళ్ళి కెప్టెన్‌ని అడిగాడు."

బయట ఇంజిన్ గొంతు పెంచింది. తౌనో తలుపు తోసుకుని మంచు మీదికి పరుగెత్తాడు. బూట్లు జారి ఒకసారి పడ్డాడు, లేచాడు, మళ్ళీ పరుగెత్తాడు. చేతులూపాడు. విమానం చక్రాల బదులు బిగించిన స్కీల మీద జారుతూ వేగం అందుకుని అతని కళ్ళముందే గాల్లోకి లేచింది. ఔలు దక్షిణాన ఉంది, తీరం వెంబడి సూర్యుడికి ఎదురుగా పోవాలి. విమానం స్థావరం మీద ఒక చుట్టు తిరిగి, సూర్యుణ్ణి వీపున వేసుకుని, తూర్పు అడవుల వైపు ముక్కు తిప్పింది.

కబురు విని స్వీడన్ దళానికి పెద్ద అయిన మేజర్ బ్యూర్లింగ్ కాపలా గుడిసెలోంచి బయటికొచ్చాడు. నెరిసిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. తౌనో రొప్పుతూ చెప్పిందంతా హిల్యా స్వీడిష్‌లోకి మార్చి చెప్పింది. సంచి సంగతి రాగానే మేజర్ తూర్పు వైపు చూశాడు. గుడిసె ముందు రెండు యుద్ధ విమానాలు నూనె పోసి, దుప్పట్లు కప్పి, పిలుపు కోసం సిద్ధంగా ఉన్నాయి. వాటి పైలట్లు అప్పటికే మెట్ల మీద కాలు పెట్టారు.

మేజర్ నెమ్మదిగా ఏదో అడిగాడు. హిల్యా తౌనో మొహంలోకి చూసింది.

"చెప్పు టీచరమ్మా."

"సరిహద్దు దాటేలోపు అందుకోగలరట. కానీ దింపించడం కుదరదట, కాల్చడమే. మీ దగ్గరున్నది ఒక టోపీ. పొరపాటైతే ముగ్గురు నిర్దోషులు పోతారు. నిజమైతే ఒక గూఢచారి, మన స్థావరాల మ్యాపులన్నీ పోతున్నాయి." ఆవిడ టోపీ వైపు చూసింది. "ఇక్కడ తెలిసినవాళ్ళు మీరొక్కరే అంటున్నాడు. వాడు రష్యావాడేనని మీరు మాటిస్తారా అని అడుగుతున్నాడు."

పొద్దుట్నుంచి తౌనో పడ్డ తిప్పలన్నీ ఈ మాట రుజువు చేయడానికే. ఈ మాట గంట ముందు దొరికి ఉంటే ఎస్కో సాయంత్రానికి లెంపి వంటింట్లో కూర్చుని రొట్టె బాలేదని వంక పెడుతూ ఉండేవాడు. కాదనొచ్చు. తెలీదనొచ్చు. ఒక్క టోపీని చూసి ఏం చెప్పగలం అంటే ఎవరూ తప్పుపట్టరు. అప్పుడు ఎస్కో రష్యా జైల్లోనైనా బతికుంటాడు. అప్పుడు రేపో ఎల్లుండో ఉత్తరాన ఉన్న ప్రతి స్థావరం మీదా బాంబులు పడతాయి, ఈ మెట్ల మీద కాలు పెట్టి నిలబడ్డ కుర్రాళ్ళతో సహా.

నోట్లో ఇంకా కాఫీ చేదు ఉన్నట్టే అనిపించింది. తౌనో టోపీని మేజర్ చేతిలో పెట్టాడు.

"రష్యావాడే," అన్నాడు.

మేజర్ తల ఊపాడు. దుప్పట్లు లాగేశారు. పంకాలు తిరగడం మొదలైంది, మంచుపొడి లేచి మొహాలకి కొట్టింది. మొదటి విమానం కదలబోతుంటే తౌనో దాని రెక్క పట్టుకుని పక్కనే పరుగెత్తాడు. పైలట్ తల వంచి చూశాడు. ఆ హోరులో ఏమీ వినపడదని తెలిసీ, అతనికి మన భాష రాదని తెలిసీ, తౌనో గొంతు చించుకుని చెప్పాడు.

"మావాడు కిటికీ పక్కనుంటాడు. ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చుంటాడు."